పావంగుళం తేడా

శనివారం పొద్దున ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి గ్యారేజీకి వెళ్లి జీపు తెచ్చుకోవాలి. తొమ్మిదింటికి భార్యను ఎక్కించుకుని వీధి చివరిదాకా ఒకసారి తిప్పి చూడాలి. ఆ తర్వాత తిని పడుకోవాలి. ఆదివారం పొద్దున్నే మావగారిని కొండమీదికి తీసుకెళ్లాలి. ఇంతే. ఈ పథకంలో బియ్యం బస్తాల ఊసు గానీ, లక్క ముద్రల ఊసు గానీ ఎక్కడా లేదు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఊళ్లోని కాటాలన్నిటినీ ఏడాదికోసారి పరీక్షించి ముద్ర వేసేది ఆయనే. పుట్టుకతో వచ్చిన బుద్ధో, ఉద్యోగంతో అంటుకున్న జబ్బో చెప్పలేం గానీ, ఇంట్లో కూడా ఊరుకునేవాడు కాదు. పంచదార పొట్లం తూచేవాడు, సబ్బుబిళ్ల తూచేవాడు, పొద్దున వచ్చిన పేపరు తూచి నిన్నటికంటే పలచబడిందనేవాడు. చివరికి పెళ్లిరోజున తాను తెచ్చిన పూలగుత్తినే కాటామీద పెట్టి, పూలకొట్టువాడు చెప్పినదానికి నలభై గ్రాములు తగ్గిందని తేల్చడంతో ఇల్లాలి ఓపిక అయిపోయింది. ఇంట్లో ఉన్న, ముప్ఫై కిలోల దాకా తూచే కాటాను ఎక్కడో దాచేసి, సెలవు రోజుల్లో ఏ వస్తువునూ తూచనని మాట తీసుకుంది. మాటంటే ఆయనకూ ముద్ర వేసినట్టే. రెండేళ్లుగా తప్పలేదు.

ఇక కొండ సంగతి. మావగారు ఇరవై ఎనిమిదేళ్లు ఆ కొండమీది వాతావరణ కేంద్రంలో పనిచేశారు. రోజూ పొద్దున వాన ఎంత కురిసిందో కొలవడం, గాలి ఎటునుంచి వీస్తోందో రాయడం ఆయన పని. నాలుగు నెలల కిందట స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, ఆపరేషన్ అయ్యాక కూతురింట్లో కోలుకుంటున్నారు. రెండు వారాల కిందట పేపర్లో ఒక మూల చిన్న వార్త పడింది. ఎప్పుడో మూతపడిన ఆ కేంద్రాన్ని, దాని రాతి బురుజుతో సహా, ఈ సోమవారం నుంచి పడగొడతారట. ఆయన ఆ పేపరు మడతపెట్టి దిండు కింద పెట్టుకున్నారు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ పూట అన్నం సగంలో లేచారు. కూతురికి అర్థమైంది.

డాక్టరును అడిగితే, "నిక్షేపంగా వెళ్లొచ్చు. కుదుపు మాత్రం తగలకూడదు. గట్టి కుదుపు ఒక్కటి తగిలినా మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందే" అన్నాడు. కొండదారి ఎనిమిది కిలోమీటర్లు. అందులో దారి తక్కువ, రాళ్లు ఎక్కువ. ఇన్‌స్పెక్టరు దగ్గర పాత జీపు ఉంది కాబట్టి వెళ్లడానికి లోటు లేదు. కుదుపు లేకుండా వెళ్లడమే సమస్య.

అందుకే పదిరోజుల కిందట గ్యారేజీ మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు. ఆ మేస్త్రీ జీపుల కమాన్లు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. కమాను అంటే చక్రం పైన బండి బరువంతా మోసే ఉక్కు పట్టీల కట్ట. పట్టీలు పెరిగితే ఎక్కువ బరువు మోస్తుంది, తగ్గితే మెత్తగా ఊగుతుంది.

"పెద్ద హంగులేం వద్దు సార్," అన్నాడు మేస్త్రీ జీపు కిందినుంచే. "టైర్లు బాగున్నాయి. కొండ మొదట్లో గాలి కాస్త తగ్గించండి, రాళ్ల మీద మెత్తగా పోతుంది. షాకబ్జార్బర్లు అరిగిపోయాయి, మార్చేస్తాను. కమాన్లు ఇలాగే ఉండనివ్వండి."

"కుదరదు. ఆరుగురం ఎక్కుతాం. పట్టీలు పెంచు."

"రోజూ ఆరుగురా?"

"ఆదివారం."

"మరి మిగతా రోజులు తిరిగేది మీరొక్కరే కదా? కమాను రోజూ మోసే బరువుకి కట్టుకోవాలి సార్, ఏడాదికోసారి వచ్చే చుట్టాల బరువుకి కాదు. పట్టీలు ఎక్కువైతే ఒట్టి బండి రాయిలా కొడుతుంది."

"బరువు గురించి నాకు చెబుతున్నావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. తాతకు దగ్గులు నేర్పుతున్నాడనిపించింది ఆయనకు. మర్నాడే ప్రయాణం కట్టిన ఆరుగురినీ ఆఫీసుకు పిలిపించి పెద్ద కాటా ఎక్కించాడు. తాను, భార్య, మావగారు, మరదలు, తోడల్లుడు, వాళ్లబ్బాయి. పనిముట్లు, మంచినీళ్లు, కారియర్లు కూడా తూచాడు. మొత్తం నాలుగువందల ముప్ఫై కిలోలని కాగితం మీద రాసి, సంతకం చేసి, అలవాటుగా ముద్ర కూడా వేసి ఇచ్చాడు. ముద్ర పడ్డ కాగితాన్ని కాదనే ధైర్యం మేస్త్రీకి లేదు. "మీ ఇష్టం సార్. వంద కిలోలకి సరిగ్గా అంగుళం దిగేలా కడతాను. ఈ బరువుంటేనే మెత్తగా పోతుంది. గుర్తుపెట్టుకోండి" అన్నాడు.

శనివారం తొమ్మిదింటికి జీపు ఇంటిముందు నిలబడింది. ఇదివరకటికంటే ఎత్తుగా, కొత్త పెళ్లికొడుకులా బిగుసుకుని ఉంది. ఇన్‌స్పెక్టరు భార్యను పక్క సీట్లో కూర్చోబెట్టి, ఒళ్లో నిండా నీళ్లున్న స్టీలు గిన్నె పెట్టాడు.

"ఇదెందుకండీ?"

"కుదుపు కొలవడానికి. తిరిగొచ్చేసరికి ఎన్ని నీళ్లు మిగిలితే బండి అంత మెత్తన."

వీధి చివరిదాకా మూడు స్పీడ్ బ్రేకర్లు. మొదటిదాని దగ్గర సగం నీళ్లు ఆమె ఒళ్లోకి వచ్చాయి. రెండోదాని దగ్గర మిగతా సగం ఆయన కళ్లద్దాల మీదికి వెళ్లాయి. మూడోదాని దగ్గర గిన్నే వెళ్లిపోయింది. దాన్ని ఒక సైకిలాయన వెనకనుంచి తెచ్చి ఇచ్చాడు.

"నాన్నని ఇందులో ఎక్కిస్తే కొండకి కాదు, తిన్నగా ఆసుపత్రికే," అంది ఆమె కొంగు పిండుకుంటూ.

"ఒట్టి బండి కదా. రేపు ఆరుగురం కూర్చుంటే వెన్నలా పోతుంది, చూడు" అన్నాడాయన. నిజానికి ఆయన నడుము కూడా పట్టేసింది గానీ పైకి చెప్పలేదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి ఫోను మోగుతోంది. తోడల్లుడు.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. మావాడికి పొద్దున్నుంచి జ్వరం. మేం రేపు రాలేం."

"ముగ్గురూనా?" ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "రెండువందల రెండు కిలోలు!"

"పిల్లాడికి జ్వరమంటే కిలోలేంటండీ!" అని భార్య ఫోను లాక్కుంది. చెల్లెలితో మాట్లాడి, మాత్రలు చెప్పి, ఫోను పెట్టేసి వచ్చి ఎదురుగా నిలబడింది. "బరువు లేకపోతే బండి అలాగే ఎగిరెగిరి పడుతుందా?"

"పడుతుంది."

"అయితే నాన్న వెళ్లరు." ఆమె వరండా వైపు చూసింది.

వరండాలో కూర్చున్న మావగారికి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. "పోనీలే అమ్మాయీ," అన్నారు మెల్లగా. "రాళ్ల ఇల్లే కదా. పడగొట్టాక మాత్రం ఏముంటాయి? ఆ రాళ్లే."

ఇన్‌స్పెక్టరుకు ప్రాణం ఉసూరుమంది. చేజేతులా చేసిన పని. మేస్త్రీ మాట వినుంటే ఈ గొడవే లేదు. సిగ్గు విడిచి అతనికే ఫోను చేశాడు.

"పట్టీలు తీసేయాలంటే రోజంతా పడుతుంది సార్, రేపటికి అవదు," అన్నాడు మేస్త్రీ. మంచివాడు కాబట్టి నేను ముందే చెప్పలేదా అనలేదు. "మనుషులే ఉండాలని ఏముంది? బరువుంటే చాలు. బస్తాలు వెయ్యండి."

ఆయన అప్పటికప్పుడు చెప్పులేసుకుని వీధి మలుపులో ఉన్న బియ్యం కొట్టుకు వెళ్లాడు.

ఆ కొట్టు షావుకారు దగ్గర ఒక రహస్యం ఉంది. వెనక గదిలో ప్రతి బస్తాలోంచీ మూడు కిలోలు తీసి, మళ్లీ మూతి కుట్టించి, ఇరవై అయిదు కిలోల బస్తాగా అమ్మేస్తాడు. కాటాలో మోసం లేదు కాబట్టి ఇన్‌స్పెక్టరు ఏటా వచ్చి ముద్ర వేసి వెళ్లేవాడు. మూతి కుట్టిన బస్తా జోలికి ఎవరూ పోలేదు. అలాంటి షావుకారుకు సెలవు రోజున, పొద్దున పదింటికి, తడిసిన చొక్కాతో ఇన్‌స్పెక్టరు గుమ్మంలో కనబడ్డాడు.

"ఎనిమిది బస్తాలు కావాలండీ. ఇరవై అయిదు కిలోలవి."

"ఇంట్లో ఏదైనా శుభకార్యమా బాబుగారూ?"

"కాదు, తినడానికి కాదు. రేపు సాయంత్రం తిరిగి ఇచ్చేస్తాను. బరువు మాత్రం ఖచ్చితంగా ఉండాలి. నాకు కావలసింది అదే."

షావుకారు వెనక గది తలుపు దగ్గరికి వేశాడు. తినని బియ్యంతో తూనికల ఇన్‌స్పెక్టరుకు ఏం పని? "మీరెందుకు శ్రమపడటం, నేనే పంపిస్తాను. రసీదూ గిసీదూ ఏమీ వద్దు."

"రసీదు లేకుండా గడ్డిపరక కూడా ముట్టను. ఎనిమిది బస్తాలు, ఒక్కోటి ఇరవై అయిదు కిలోలు అని స్పష్టంగా రాయండి. కింద సంతకం చేయండి."

షావుకారు రాసి సంతకం చేశాడు. బస్తాలు తోపుడుబండి మీద బయల్దేరాయి. వాటి వెనక, పిలవకపోయినా, షావుకారు కూడా బయల్దేరాడు.

బస్తాలు ఎక్కించకముందే ఇన్‌స్పెక్టరు స్టీలు స్కేలు తెచ్చి, వెనక చక్రానికీ పైనున్న రేకుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో రాసుకున్నాడు. తూచనని మాటిచ్చాడు గానీ కొలవనని ఇవ్వలేదు. ఎనిమిదీ ఎక్కించాక మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి కొలిచాడు.

"పావంగుళం తక్కువుంది," అన్నాడు.

"ఏది బాబుగారూ?" షావుకారు గొంతు పీలగా వచ్చింది.

"రెండంగుళాలు దిగాలి. ఒకటీ ముప్పావే దిగింది. ఎక్కడో మోసం జరిగింది."

"మోసమని అంత మాటెందుకండీ... ఎండకి ఆరిపోయి ఉంటాయి..."

"ఉక్కు ఎండకి ఆరుతుందా? ఎవరు చేశారో నాకు తెలుసు. నమ్మి పని అప్పగిస్తే ఇలాగా చేసేది! ఇప్పుడే పిలిపిస్తాను."

"పోలీసుల్నా బాబూ?"

"మేస్త్రీని!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు షావుకారు కొట్టుకు పరుగెత్తాడు. పదినిమిషాల్లో తొమ్మిదో బస్తా తోపుడుబండి మీద వచ్చింది.

"ఇదేమిటి?"

"కొసరండీ. తరతరాలుగా మా కొట్టులో కొసరు వెయ్యడం అలవాటు."

"బియ్యం బస్తాకి బియ్యం బస్తా కొసరా?" అని ఇల్లాలు నోరు తెరిచింది. ఇన్‌స్పెక్టరు ఆ బస్తా కూడా ఎక్కించి కొలిచాడు. సరిగ్గా రెండంగుళాలు. ఆయన మొహం ఇంకా మాడిపోయింది. "చూశావా? ఎనిమిది బస్తాలకి దిగాల్సినది తొమ్మిదికి దిగింది. అంటే ఆ మేస్త్రీ లెక్కకు మించి పట్టీ వేశాడు. రేపు ఆ కొండమీద ఇంకేం తేడా చేస్తుందో! ఈ బండిని నమ్మి మావయ్యగారిని ఎక్కించలేను."

మేస్త్రీ వచ్చాడు. నింద మొత్తం విన్నాడు. చేతికున్న నల్ల నూనె గుడ్డతో తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్లలో అతని పనిని ఎవరూ ఇలా అనలేదు.

"సార్, నా కమానుకి ఇన్‌స్పెక్టరెవరో, షావుకారెవరో తెలీదు. దానికి తెలిసింది బరువొక్కటే. అది అబద్ధమాడదు. కావాలంటే బస్తాలు తూచి చూడండి."

ఇన్‌స్పెక్టరు భార్యవైపు చూశాడు. రెండేళ్ల మాట. ఆమె మొదట మొగుణ్ణి చూసింది. తర్వాత మేస్త్రీని చూసింది. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకున్న షావుకారును చాలాసేపు చూసింది. లోపలికి వెళ్లి, దుప్పట్ల బీరువాలోంచి కాటా తెచ్చి వరండాలో పెట్టింది.

మొదటి బస్తా ఇరవై రెండు కిలోలు. రెండోదీ ఇరవై రెండే. తొమ్మిది బస్తాలూ ఒక్క గ్రాము అటూ ఇటూ కాకుండా ఇరవై రెండు. తీసేయడంలో మాత్రం షావుకారు చాలా నిక్కచ్చి మనిషి.

"నా కమాను చెప్పిందీ అదే సార్," అన్నాడు మేస్త్రీ.

ఇన్‌స్పెక్టరు ముందు మేస్త్రీకి చేతులు జోడించి క్షమాపణ చెప్పాడు. తర్వాత లోపలికి వెళ్లి లక్క, కొవ్వొత్తి, ముద్ర, కాగితాలు తెచ్చుకున్నాడు. షావుకారు బతిమాలాడు, పిల్లలున్నారన్నాడు, తొమ్మిది బస్తాలూ ఇక్కడే ఉంచేసుకోమన్నాడు. ఆ చివరి మాటతో ఇన్‌స్పెక్టరు లక్క ఇంకాస్త ఎక్కువ కరిగించాడు. బస్తాలన్నిటికీ ముద్రలు పడ్డాయి. స్వాధీనం కాగితం మీద మేస్త్రీ సాక్షి సంతకం చేశాడు. షావుకారు కూడా సంతకం చేసి, కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

అంతా అయ్యాక ఇన్‌స్పెక్టరు అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"దొంగ దొరికాడుగా, ఇంకా ఏమైంది?" అంది భార్య.

"ముద్ర వేసిన సరుకు ఆఫీసు గోదాములో పెట్టాలి. సోమవారం దాకా తెరవరు. అప్పటిదాకా స్వాధీనం చేసుకున్న అధికారి దాన్ని స్వయంగా కనిపెట్టుకుని ఉండాలి. నేను బస్తాల్ని వదిలి కదలకూడదు. బస్తాలు లేకుండా జీపు కదలకూడదు." ఆయన కళ్లద్దాలు తీసి అరుగు మీద పెట్టాడు. "మావయ్యగారికి మాటిచ్చాను. నిలబెట్టుకోలేకపోతున్నాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వేరే ఉద్యోగి అయితే ఒక్కరోజుకు కళ్లు మూసుకునేవాడు. ఈయనకు కళ్లు మూతపడవు.

భార్య పక్కన కూర్చుంది. "మీరు బస్తాల్ని వదలకూడదు, అంతే కదా? బస్తాలు కూడా మిమ్మల్ని వదలవు. మీరెక్కడికెళ్తే అక్కడికి వస్తాయి. కొండెక్కకూడదని మీ పుస్తకంలో ఉందా?"

ఇన్‌స్పెక్టరు నియమాల పుస్తకం తెచ్చి మొదటినుంచి చివరికీ, చివరినుంచి మొదటికీ చదివాడు. చలిచోట ఉంచరాదని ఉంది, తేమచోట ఉంచరాదని ఉంది, ఎలుకల మాట కూడా ఉంది. కొండ మాట లేదు.

"లేదు!" అని అరిచాడు. మేస్త్రీ పకపకా నవ్వాడు. వరండాలో మావగారు కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురు మనుషులు, పనిముట్లు, కారియర్లు, తొమ్మిది బస్తాల సాక్ష్యం ఎక్కించుకుని జీపు బయల్దేరింది. కొండ మొదట్లో ఇన్‌స్పెక్టరు దిగి, మేస్త్రీ చెప్పినట్టే టైర్లలో గాలి తగ్గించాడు. ఈసారి ఎవరికీ ఎదురు చెప్పలేదు. మొదటి రాయి ఎక్కేటప్పుడు ఆయనకూ, ఆయన భార్యకూ ఊపిరి ఆగింది. జీపు రాయి ఎక్కి, మెల్లగా ఒంగి, నిద్రలో పక్కకు తిరిగిన మనిషిలా అవతలికి దిగింది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

మూడో మలుపు దాటగానే మావగారు చెయ్యెత్తి ఆపమన్నారు. ఇన్‌స్పెక్టరు మెల్లగా జీపు ఆపాడు.

"నొప్పిగా ఉందా మావయ్యగారూ?"

"నొప్పేం లేదు అల్లుడుగారూ. ఈ సీటు నాకు పడటంలేదు. నేను వెనక బస్తాల మీద కూర్చుంటాను. ఇరవై ఎనిమిదేళ్లు నెలనెలా సరుకుల లారీలో బస్తాల మీదే ఎక్కాను. ఈ దారిలో ఒక్క కుదుపు కూడా తగిలి ఎరగను."

"అవి సాక్ష్యం మావయ్యగారూ! ముద్రలున్నాయి!"

"ముద్రలకి ఎడంగా కూర్చుంటాలే. సాక్ష్యమైనా మెత్తగానే ఉంటుంది."

కూతురూ అల్లుడూ చెరోపక్కా పట్టుకుని జాగ్రత్తగా ఎక్కించారు. ఆయన రెండు బస్తాల మధ్య నడుము ఒదిగించుకుని, కాళ్లు చాపుకుని, తృప్తిగా నిట్టూర్చారు. కమాన్లు, షాకబ్జార్బర్లు, పదిరోజుల తంటా అంతా ఆ నిట్టూర్పు ముందు దండగ అనిపించింది ఇన్‌స్పెక్టరుకు. అయినా ఆయనకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. మిగిలిన దారంతా మావగారు వెనకనుంచి ఒక్కో మలుపు పేరు చెబుతూనే ఉన్నారు.

పైన బురుజు ఇంకా నిలబడే ఉంది. ఆయన కర్ర ఊతంతో దాని చుట్టూ ఒకసారి తిరిగి, గోడమీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉండిపోయారు. తర్వాత వేలు తడి చేసుకుని గాలిలోకి ఎత్తి, "పడమటి గాలి. సాయంత్రానికి చినుకు పడొచ్చు" అన్నారు. కూతురు కళ్లు తుడుచుకుంది. ఇన్‌స్పెక్టరుకు పదిరోజులుగా ఛాతీ మీదున్న బరువేదో దిగిపోయింది. దాన్ని మాత్రం తూచాలనిపించలేదు.

చినుకు పడకముందే క్షేమంగా ఇల్లు చేరారు. సోమవారం పొద్దున బస్తాలు గోదాముకు, జీపు మేస్త్రీ దగ్గరికి చేరాయి. "ఎన్ని పట్టీలు తీయమంటారు సార్?" అని మేస్త్రీ అడిగితే, "నువ్వెన్నంటే అన్ని" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆఫీసులో షావుకారు మీద రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. ఆరు గడులు గబగబా నిండాయి. ఏడో గడి దగ్గర కలం ఆగింది. "స్వాధీనం చేసుకున్నప్పటినుంచి గోదాము చేరేవరకు సరుకును ఎక్కడ భద్రపరిచారు?" ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన ఒక్క అబద్ధం రాయలేదు, ఇప్పుడూ రాయదలచుకోలేదు. కలం మూత కొరుకుతూ పావుగంట ఆలోచించి, ఆ గడిలో "మావగారి కింద" అని రాసి, ముద్ర వేశాడు.